స్ప్రేయర్ కడుగుతాం, నెబ్యులైజర్ కప్పు కడగమా?

శనగలో కాయతొలుచు పురుగు ఉధృతి ఎలా ఉందో చూద్దామని ఈ మధ్య జిల్లాలో ఓ ఊరు వెళ్లాను. రైతు చేనంతా తిప్పి చూపించి, ఎండ ఎక్కాక ఇంటికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చాడు. వరండాలో నవారు మంచం మీద వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. పడుకుంటే ఎగపోస్తుంది కాబట్టి రాత్రీ పగలూ వెనక దిండ్లు పెట్టుకుని కూర్చోవడమే. మంచం కింద నేల మీద నెబ్యులైజర్ మిషను ఉంది. మాస్కు తెల్లగా ఉండాల్సింది పసుప్పచ్చగా మారింది. మందు పోసే కప్పు అడుగున ఎప్పటిదో తడి, ఆ తడికి అంటుకున్న దుమ్ము, ఓ వెంట్రుక.

"ఇది ఎప్పుడు కడిగారు?" అని అడిగాను.

రైతు భార్య వంక చూశాడు. ఆమె అత్త వంక చూసింది. "దాన్ని కడగాలా సార్? అందులో పోసేది మందే కదా" అన్నాడు రైతు చివరికి.

అదే వరండాలో గోడవారగా పాల క్యాను బోర్లించి ఉంది. ముఖం చూసుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది. కిందటేడు ఎండాకాలం రెండు పూటలు పాలు పులిశాయని కేంద్రం దగ్గర వెనక్కి పంపారట. అప్పట్నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడినీళ్లతో తోమి బోర్లించంది ఆ ఇల్లాలు వేరే పనికి పోదు. పశువుల కొట్టంలో చూరుకు స్ప్రేయర్ వేలాడుతోంది. అదీ కడిగిందే. టూ ఫోర్ డీ కొట్టిన పంపును సరిగా కడగకుండా మళ్లీ పత్తి మీదకో మిరప మీదకో తీసుకెళితే ఆకు ఎలా ముడుచుకుపోతుందో మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకసారి దెబ్బతిన్నవాడు మూడుసార్లు కడుగుతాడు.

క్యాను కడగకపోతే పాలు తిరిగొస్తాయి. పంపు కడగకపోతే చేను మాడుతుంది. మరి నెబ్యులైజర్ కప్పు కడగకపోతే? ఏమీ కనిపించదు. పెద్దాయనకు పదిహేను రోజులకో నెలకో జ్వరం వస్తుంది, కఫం పచ్చగా పడుతుంది, ఆయాసం పెరుగుతుంది. "మంచు పడింది కదా" అనుకుంటాం. ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళతాం. ఆ చలికాలంలో ఆయన రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడట. అది ఆ కప్పు వల్లే అని నేను చెప్పను. చెప్పడానికి నేను డాక్టరునీ కాను. కానీ ఆ కప్పును ఎవరూ అనుమానించలేదన్నది మాత్రం నిజం. నా గొడవంతా అదే.

నాజిల్ సంగతి రైతుకు కొత్తగా చెప్పాల్సింది లేదు. బొట్టు ఎంత సన్నగా పడితే మందు అంత బాగా పరుచుకుంటుంది. అయితే మన స్ప్రేయర్ బొట్టు మామూలుగా వంద మైక్రాన్ల పైనే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. నెబ్యులైజర్ పొగలో మందుగా పనికొచ్చే బొట్టు 1 నుంచి 5 మైక్రాన్లే. అంతకంటే పెద్దవైతే ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. అంత సన్నగా ఉండబట్టే మందు ఊపిరితిత్తుల లోపలి గొట్టాల దాకా వెళ్లి పనిచేస్తోంది. మిషను గొప్పదనం అదే, ప్రమాదమూ అదే. కప్పులో మందుతోపాటు ఏముంటే అదీ ఆ బొట్టులోనే ప్రయాణం చేస్తుంది. ముక్కులో వెంట్రుకలూ జిగురూ పట్టి ఆపే అవకాశం లేదు. మంచి ఊపిరితిత్తులైతే లోపలికొచ్చిన చెత్తను కఫంతో పైకి తోసేస్తాయి. ఏళ్ల తరబడి బీడీ పొగకో, పొయ్యి పొగకో, మిల్లు దుమ్ముకో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు ఆ సత్తువ ఎక్కడిది? అంటే మిషను అవసరమైనవాడికే మురికి మిషను ఎక్కువ చేటు.

ఇది ఇవాళ్టి మాట కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం డల్లాస్ నగరంలో డాక్టర్లు 1960లలోనే దీన్ని పట్టుకున్నారు. ఆసుపత్రిలో శ్వాస మిషన్ల నెబ్యులైజర్లలో క్రిములు పెరిగి, ఆ తుంపరతో రోగుల ఊపిరితిత్తుల్లోకి చేరుతున్నాయని 1965లో రాశారు. మిషన్లను వరసగా శుద్ధి చేయడం మొదలెట్టాక అక్కడ ఆ రకం న్యుమోనియాలు తగ్గాయి. అవి పెద్ద నీటి గిన్నెలున్న మిషన్లు, మన ఇళ్లలోవి చిన్న కప్పులు. అయినా సూత్రం ఒకటే. తడి ఉన్నచోట క్రిమి పెరుగుతుంది. సూడోమోనాస్ అని ఓ క్రిమి ఉంది. తూముల్లో, సింకుల్లో, తడి స్పాంజీల్లో కాపురం పెడుతుంది. అది పాడైన ఊపిరితిత్తుల్లో ఒకసారి చోటు చేసుకుంటే మామూలు మాత్రలకు లొంగదు, సూదిమందులు ఎక్కించాలి.

ఈ జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. ఊళ్లో ఆయాసం జబ్బు అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనితో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల మంది చనిపోయారు. ఇది బీడీ కాల్చేవాళ్ల జబ్బు అని చాలామంది అనుకుంటారు. సగం నిజం. మన జిల్లాలో బీడీ ముట్టని ఆడవాళ్లకు ఎంతమందికి ఈ ఆయాసం ఉందో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. కట్టెల పొయ్యి, పిడకలు, పత్తికట్టె, జొన్నదంట్లు. పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రుళ్లు మంట వేసినవాళ్లు. మిర్చి కళ్లాల్లో ముక్కుకు కొంగు కట్టుకుని తాలు ఏరినవాళ్లు. రైసు మిల్లుల్లో తవుడు దుమ్ములో బతికినవాళ్లు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, గ్యాసు చాలా ఇళ్లకు చేరింది. కానీ ముప్ఫై, నలభై ఏళ్లు మింగిన పొగ గ్యాసు బండ రాగానే ఊపిరితిత్తుల్లోంచి దిగిపోదు కదా.

మా అమ్మే అందుకు సాక్ష్యం. బీడీ చుట్ట ఎరగదు. బ్యారన్ సీజన్‌లో కర్రలకు ఆకు కట్టేది, మిగతా కాలం పొయ్యి ముందే. ఆమెకు నెబ్యులైజర్ కొన్నది నేనే. కొన్న షాపులో స్విచ్చి ఎక్కడుందో చూపించారు, మందు ఎక్కడ పోయాలో చూపించారు, డబ్బులు తీసుకున్నారు. కడగడం అన్న మాటే రాలేదు. పెట్టెలో ఓ చిన్న పుస్తకం ఉంది, అంతా ఇంగ్లిషు, అక్షరాలు మినప్పొట్టు కంటే సన్నం. నేనూ చదవలేదు. ఇంటర్ పాసైనవాణ్ని, కూడబలుక్కుంటే అర్థమయ్యేదే. చదవలేదు, అంతే.

ఏడాదిలో అమ్మ మూడుసార్లు ఆసుపత్రిలో పడింది. మూడోసారి అక్కడి డాక్టరు గారు, "ఇంట్లో మిషను ఉందన్నారు కదా, ఒకసారి తీసుకురండి" అన్నారు. తీసుకెళ్లాను. ఆయన మిషను పక్కనున్న చిన్న మూత తీసి, లోపల బిళ్లంత ఉన్న ఫిల్టరును చిమటాతో బయటికి లాగారు. తెల్లగా ఉండాల్సింది పొయ్యి మసిలా ఉంది. నా వంక చూసి, "మీరు ఏం చేస్తుంటారు?" అని అడిగారు. వ్యవసాయం పేజీకి రాస్తుంటానన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నాకే తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే అంతకు కొద్దిరోజుల ముందే డ్రిప్పు ఫిల్టరు వారానికోసారి కడక్కపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయని ఈ పేజీలోనే అరపేజీ రాశాను.

ఆ రోజు ఆయన చెప్పిందీ, ఆ తర్వాత నేను తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తాను. ఎవరి మిషను వాళ్ల డాక్టరుకు ఒకసారి చూపించి అడిగి చేసుకోవడం ఎలాగూ మంచిదే.

నెబ్యులైజర్ పెట్టుకోవడం అయిన ప్రతిసారీ కప్పులో మిగిలిన మందు పారబోయాలి. రేపటికి ఉంటుందని దాచకూడదు. సగం ఖర్చైన రెస్ప్యూల్‌ను సొరుగులో పెట్టి మర్నాడు వాడేవాళ్లను చూశాను. ఖరీదు కదా అని. తెరిచిన మందు బిందెలో ఎంగిలి చెంబు ముంచినట్టే. ఇంకో పొరపాటు, మందు తక్కువైందని కుళాయి నీళ్లు కలపడం. కలపాలని డాక్టరు చెబితే సెలైన్ మాత్రమే కలపాలి. మంచినీళ్లు కూడా వద్దు.

పారబోశాక కప్పు భాగాలు విడదీసి నీళ్లతో కడిగి విదిలించాలి. రోజుకొకసారి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కప్పు, మూత, లోపలి చిన్న గొట్టం, మాస్కు అన్నీ శుభ్రంగా కడగాలి. ముందు మన చేతులు కడుక్కోవాలన్నది చెప్పక్కర్లేదు అనుకుంటాను. పేడ తీసిన చేత్తోనే మాస్కు అందించడం చూశాను కాబట్టి చెబుతున్నాను. కొన్ని రకాల కప్పులను మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి క్రిములు చంపవచ్చు. అన్నిటినీ కాదు. కంపెనీ పుస్తకంలో మరగబెట్టవచ్చని ఉంటేనే చేయాలి. మరగబెట్టకూడని వాటిని మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అరగంట మునిగేలా ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో కడగవచ్చు. అదీ పుస్తకంలో కుదురుతుందని ఉంటేనే. ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టరు చెబుతారు. వెనిగర్ వాడమని కొందరు చెబుతారు గానీ అది అన్ని క్రిములనూ చంపుతుందన్న భరోసా లేదు. డెట్టాలు, ఫినాయిలు జోలికి పోవద్దు. ఆ వాసనే ఆయాసం ఉన్నవాళ్లకు పడదు.

కడగడం కంటే పెద్ద పని ఆరబెట్టడం. ఇక్కడే అందరం తప్పుతాం. కడిగిన వెంటనే తడితోనే ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టేస్తాం, దుమ్ము పడకుండా. శుభ్రంగా కడిగి క్రిములకు ఇల్లు కట్టిచ్చినట్టు. ఉతికిన బట్ట మీద అన్ని భాగాలూ విడివిడిగా పరిచి, ఇంట్లోనే గాలి తగిలేచోట పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. పిట్టగోడ మీద ఎండలో పెడితే దుమ్మూ పడుతుంది, ప్లాస్టిక్కూ పెళుసవుతుంది.

మిషను నుంచి కప్పుకు వచ్చే పైపును మాత్రం నీళ్లలో ముంచొద్దు. లోపల తేమ కనిపిస్తే కప్పు తీసేసి, ఉత్త మిషను రెండు మూడు నిమిషాలు ఆడిస్తే గాలికి ఆరిపోతుంది. మిషనును తడిబట్ట బాగా పిండి తుడవడమే. స్విచ్చి తీసి మరీ తుడవాలి. ఓ ఊళ్లో ఒకాయన శ్రద్ధ ఎక్కువై మిషను మొత్తాన్ని బకెట్లో ముంచాడు. ఫిల్టరు రంగు మారితే కొత్తది వేసుకోవడమే, చాలా వాటికి కడిగితే పనికిరాదు. మిషను నేల మీద, మంచం కింద పెడితే గదిలో ఊడ్చిన దుమ్మంతా అదే పీలుస్తుంది. ఓ స్టూలు మీద పెట్టాలి. పక్కనే అగరుబత్తి, దోమల చుట్ట వెలిగించి ఆవిరి పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. ఏం చెబుతాం.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల సంగతి వేరే చెప్పుకోవాలి. 2021లో కరోనా రెండో దశలో భయపడి నలభై, యాభై వేలు పెట్టి కొన్నవాళ్లున్నారు, దాతలిచ్చినవీ ఉన్నాయి. ఆ మిషన్లే తర్వాత ఆయాసం రోగుల ఇళ్లకు చేరాయి. కొన్నాళ్లు మూలన పడి ఉన్న మిషను బయటికి తీస్తే వాడేముందు మెకానిక్‌తో ఆక్సిజన్ శాతం చూపించాలి. లోపల గాలిలోంచి నైట్రోజన్‌ను పట్టేసే గుళికలుంటాయి. తేమ తగిలితే అవి దెబ్బతింటాయి. అప్పుడు మిషను బుస్సుబుస్సుమంటూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం సరిగా రాదు. బయటికి కనిపించే స్పాంజి ఫిల్టరును వారానికోసారి సబ్బునీళ్లలో పిసికి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. మిషను గోడకు ఆనించకుండా అడుగు దూరంలో ఉండాలి. బీడీ, దీపం, పొయ్యి దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు మామూలు నిప్పు కాదు.

ఇక నీళ్ల సీసా. ఆక్సిజన్ పొడిగా రాకుండా నీళ్లలోంచి బుడగలుగా వచ్చే సీసా అది. మన పశ్చిమ మండలాల్లో బోరు నీళ్ల సంగతి తెలిసిందే. బిందె అడుగున తెల్లగా సుద్ద కడుతుంది. ఆ నీళ్లే సీసాలో పోస్తున్నారు. సుద్ద కట్టి గొట్టం మూసుకుపోతుంది, పైగా క్రిములు. "మేం ప్లాంటు నీళ్లే పోస్తాం సార్" అంటారు కొందరు. క్యాన్ నీళ్లలో ఉప్పు తక్కువేమో గానీ క్రిమి లేదని ఎవరు చెప్పారు? డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అది లేనప్పుడు బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు. బ్యాటరీ షాపులో క్యాన్ల మీద డిస్టిల్డ్ అని రాసి ఉంటుంది, అవి మాత్రం వద్దు, మందుల షాపులో అడగండి. తగ్గిన నీళ్లకు కొత్త నీళ్లు చేర్చడం కాదు, రోజూ పాతవి పూర్తిగా పారబోసి, సీసా కడిగి, కొత్తవి పోయాలి. ముక్కుకు పెట్టుకునే గొట్టాన్ని రెండు మూడు వారాలకోసారి మార్చాలి, గట్టిగా జలుబు చేసి తగ్గితే అప్పుడూ మార్చాలి. అద్దెకు తెచ్చుకునేవాళ్లు సీసా, గొట్టం కొత్తవి అడగండి. మీకు ముందు ఆ మిషను ఎవరింట్లో ఉందో మీకు తెలియదు.

బైపాప్ మిషన్లు ఉన్నవాళ్లు తక్కువే. మాస్కు రోజూ తుడవడం, పైపు వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి వేలాడదీసి ఆరబెట్టడం, నీళ్ల గిన్నె ప్రతి ఉదయం ఖాళీ చేయడం. సూత్రం అదే.

మిషను లేకుండా రోటాహేలర్‌తో గొట్టం మందు పీల్చేవాళ్లే ఊళ్లలో ఎక్కువ. దాన్నీ అప్పుడప్పుడు విడదీసి నీళ్లతో కడగాలి. కానీ పూర్తిగా ఆరకుండా గొట్టం పెడితే పొడి తడిసి ముద్దై అందులోనే అంటుకుపోతుంది, పీల్చినా లోపలికి పోదు. స్పేసరు వాడేవాళ్లు సబ్బునీళ్లలో ఆడించి తీసి, గుడ్డతో రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి. రుద్దితే గోడలకు విద్యుత్తు పుట్టి మందు దానికే అతుక్కుంటుంది. దువ్వెన తలకు రుద్దితే కాగితం ముక్కలు లేచినట్టు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఊళ్లో ఒకరింట్లో నెబ్యులైజర్ ఉందంటే అది ఊరందరిదీ. ఇవ్వనంటే బాగుండదు. ఆయాసం వచ్చిన ముసలమ్మకూ, దగ్గొచ్చిన పసిబిడ్డకూ అదే మిషను, అదే కప్పు, అదే మాస్కు. నిన్న పెట్టుకున్నాయనకు టీబీ ఉందో లేదో ఎవరికి తెలుసు? మిషను ఇవ్వండి, కాదనను. కప్పు, మాస్కు మాత్రం ఎవరివి వాళ్లవే ఉండాలి. ఆ సెట్టు రెండు మూడు వందల్లో వస్తుంది. ఇచ్చేవాళ్లు మొహమాటపడకుండా ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు.

ఇంత రాశాక ఎవరైనా భయపడి మిషనే మానేస్తారేమోనని నాకో బెంగ. అలా చేయొద్దు. కప్పు మురికిగా ఉందని మందు మానేస్తే ఆయాసంతోనే ప్రాణం మీదికొస్తుంది. కడిగి వాడాలి, అంతే. ఊపిరి అందనప్పుడు కడుగుతూ కూర్చోకుండా ముందు మందు పెట్టాలి.

ఇక అసలు నేను అడగదల్చుకున్నది. కడగడం ఎవరి పని? రోగి చేయలేడు. లేచి పెరట్లోకి వెళ్లడానికే ఆయాసం. ఇప్పుడు ఇళ్లలో ఇది కోడలి నెత్తిన పడుతోంది, లేదా ఎవరి నెత్తినా పడకుండా మిగిలిపోతోంది. కోడలు తెల్లారకముందే లేచి పాలు, వంట, పిల్లలు, చేలో పని. మీదకి ఇదొకటి. స్ప్రేయర్ కడిగేది మగవాళ్లే కదా? నాజిల్లో ఇరుక్కున్న నలుసును సూదితో కూడా కాదు, ఊది తీసేంత ఒడుపున్న చేతులు. ఆ చేతులకు నాలుగు ప్లాస్టిక్ ముక్కలు కడగడం బరువా? కొడుకు కడిగితే తప్పేముంది?

మనల్ని మనం అనుకుంటే సరిపోదు. మిషను అమ్మేవాళ్లు, ఇంటికి మిషను వాడమని రాసి పంపే ఆసుపత్రులు ఒక్కసారి, కళ్లముందు, కడిగి చూపించి పంపాలి. అయిదు నిమిషాల పని. ట్రాక్టరు అమ్మితే సర్వీసు మనిషి ఇంటికొచ్చి ఆయిలు ఎక్కడ చూడాలో చెప్పి వెళ్లడం లేదా? ఒక్క పేజీ తెలుగులో, బొమ్మలతో అచ్చేసి పెట్టెలో పెడితే ఎంత ఖర్చు?

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారం ఒకటుంది. వంటకు ఏం వాడతారు, కట్టెలా, పిడకలా, గ్యాసా అని అందులో అడుగుతారు. పంట చెత్త తగలబెట్టే చోట పనిచేస్తారా అనీ అడుగుతారు. మంచిదే. కేంద్రం 2023లో జీవనశైలి జబ్బుల కార్యక్రమం పేరు మార్చినప్పుడు ఆయాసం జబ్బును కూడా అందులో చేర్చింది. అయితే జబ్బు ఎవరికి రావచ్చో అడుగుతున్నప్పుడు, వచ్చినవాడి ఇంట్లో మిషను ఎలా ఉందో కూడా ఒక్కసారి చూడొచ్చు కదా. ఆశాలకు పని ఎక్కువ, జీతం తక్కువ అని నాకూ తెలుసు. కొత్త ఫారం పెట్టమనడం లేదు. మంచం కింద ఓసారి తొంగి చూడమనే.

పాల కేంద్రాల వాళ్లకూ ఓ మాట. క్యాను ఎలా కడగాలో, పొదుగు ఎలా తుడవాలో ఈ జిల్లా ఆడవాళ్లకు నేర్పింది మీరే. ఎలా నేర్పారు? ఉపన్యాసాలతో కాదు. కడిగి చూపించి, కడగని పాలు వెనక్కి పంపి. పొద్దున్నే పాలు పోయడానికి ఊరంతా వచ్చేది మీ దగ్గరికే. పీహెచ్‌సీ నర్సమ్మను పిలిచి ఓ రోజు నెబ్యులైజర్ కప్పు కడగడం చూపించండి. పది నిమిషాలు.

శనగ చేను రైతుకు ఆ రోజు నాకు తెలిసిందంతా చెప్పి వచ్చాను. పది రోజులకు ఫోన్ చేశాడు. "సార్, మీరు చెప్పినట్టే మరగబెట్టాను. కప్పు బాగానే ఉంది. మాస్కు మాత్రం వంకర్లు తిరిగి ముద్దయింది. నాయన ముక్కు మీద కూర్చోడం లేదు" అన్నాడు. పుస్తకంలో చూసి మరగబెట్టమని చెప్పడం నేను మర్చిపోయాను. తప్పు నాదే. పుస్తకం ఉందా అని అడిగితే, మిషనుతో వచ్చిందేమో తెలియదు, పిల్లలు చించేసి ఉంటారన్నాడు. కొత్త మాస్కు కోసం ఒంగోలు వెళితే షాపులో ఇచ్చారట. మరగబెట్టొచ్చా అని ఈసారి గట్టిగా అడిగాడట. కౌంటర్లో కుర్రాడు, "మాకు తెలియదండీ, మేం అమ్మేవరకే" అన్నాడట.